దండకంలో లేని డికాషన్

తెలుగులో కాఫీ మీద రాసినంత ముచ్చటగా మరే తాగే వస్తువు మీదా రాయలేదనుకుంటాను. పద్యాలున్నాయి, పేరడీలున్నాయి, దండకాలున్నాయి. ఏడాదికోసారైనా ఏదో ఒక పత్రికలో "ఆ రోజుల్లో మా ఇంట్లో కాఫీ" అనే ధోరణి వ్యాసం తగులుతుంది. ఇవన్నీ శ్రద్ధగా చదివిన మనిషి, జీవితంలో ఎప్పుడూ కాఫీ పెట్టని మనిషి, ఒకరోజు వంటింట్లోకి వెళ్ళాడనుకోండి. ఏం చేస్తాడు? ఇత్తడి ఫిల్టరు తళతళలాడాలని అతనికి తెలుసు. వాసన వీధి మలుపు దాకా పోవాలని తెలుసు. నురగ నిలవాలనీ, గ్లాసు చెయ్యి కాలేంత వేడిగా ఉండాలనీ తెలుసు. పొడి ఎంత వెయ్యాలో తెలీదు. నీళ్ళు ఎన్ని పొయ్యాలో తెలీదు. డికాషన్ దిగడానికి ఎంతసేపు పడుతుందో, దిగకపోతే ఏం చెయ్యాలో అసలే తెలీదు. చివరికి పక్కింటావిణ్ణి పిలుస్తాడు.

నేను ఈ రాతల్ని ఇష్టంగానే చదువుతాను. అయితే ఇరవయ్యారేళ్ళుగా రోజూ తెల్లారకముందే ఫిల్టరు కడుగుతున్న మనిషిగా చదువుతాను. అక్కడే నాకూ వాటికీ పేచీ.

ముందు దండకం సంగతి. 2012లో తనికెళ్ళ భరణి తీసిన మిథునం సినిమాలో జొన్నవిత్తుల రామలింగేశ్వరరావు రాసిన కాఫీ దండకం చాలామందికి నోటికొచ్చు. కాఫీని దేవతని చేసి పొగడటం అంతకుముందూ ఉంది. పాతతరం అవధానులూ హాస్యకవులూ ఆ పని సరదాగా చేస్తూనే ఉన్నారు. దండకం అనే ప్రక్రియని ఎంచుకోవడంలోనే ఒక తెలివి ఉంది. దాంట్లో ఆగడానికి చోటుండదు. ఒకే గణం మీద పరుగు పెట్టి, ఊపిరి సలపనివ్వకుండా పొగుడుతూ పోవాలి. పొద్దున్నే కాఫీ పడనివాడి ఆత్రానికి అంతకంటే సరిపోయే నడక లేదు. కాబట్టి దండకం దండకంగా బావుంది, నాకు ఫిర్యాదు లేదు. స్తోత్రంలో కొలతలు వెతకడం అన్యాయం అని నాకూ తెలుసు. నా ప్రశ్న వేరే. కాఫీ మీద మనకి స్తోత్రం తప్ప ఇంకేం లేకపోవడం ఏమిటి?

ఆవకాయని చూడండి. ఆవకాయ మీదా మనవాళ్ళు ఒళ్ళు మరిచి రాశారు, అదే సినిమాలో దాని మీదా పాట ఉంది. కానీ ఆవకాయ గురించి ఎవరు రాసినా, ఎంత కవిత్వం ఒలకబోసినా, ఎక్కడో ఒకచోట లెక్క వస్తుంది. ఇన్ని ముక్కలకి ఇంత కారం, ఇంత ఉప్పు, ఇంత ఆవపిండి. ఏ నూనె, ఎన్నో రోజు తిరగ కలపాలి, తడి తగిలితే ఏమవుతుంది. మానికలూ సోలలూ పోయి కిలోలు వచ్చినా లెక్క మాత్రం పోలేదు. ఎందుకంటే ఆవకాయ ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ చేసే పని. మగవాళ్ళు కాయ కొడతారు, పిల్లలు జీడి తీసి ముక్కలు తుడుస్తారు. రాసేవాడి చేతులకీ కారం అంటుకుని ఉంటుంది. కాఫీ అలా కాదు. అది వంటింట్లోంచి వరండాలోకి వచ్చేస్తుంది. మన కాఫీ వ్యాసాల్లో రాసేవాడు ఎప్పుడూ వరండాలోనే ఉంటాడు. పేపరు ఉంటుంది, పడక్కుర్చీ ఉంటుంది, తులసికోట మీద ఎండ పడుతుంటుంది, లోపల్నించి గాజుల చప్పుడు వినబడుతుంది, తర్వాత గ్లాసు వస్తుంది. ఆ గాజుల చప్పుడుకీ గ్లాసుకీ మధ్య జరిగినదాని గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు.

మా చర్లపల్లి కాఫీ ఊరు కాదు. ఇది చాయ్ ఇలాకా. పారిశ్రామికవాడ గేట్ల ముందు షిఫ్టు మారే వేళకి నిలబడితే ఆ సంగతి చెప్పనక్కర్లేదు. పెట్రోలు డిపోల లారీల దగ్గరా, జైలు రోడ్డు మీదా, కుషాయిగూడ చౌరస్తాలోనూ మరిగేది తేయాకే. కాఫీ ఇక్కడ ఇళ్ళల్లో ఉంటుంది. 1967లో ఈసీఐఎల్, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌సీ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డాయి. వాళ్ళ సామాన్లతోబాటు ఫిల్టర్లూ వచ్చాయి. మాదీ అలాంటి ఇల్లే, అత్తగారిది తెనాలి వైపు. ఇరవయ్యారేళ్ళ క్రితం నేను కోడలిగా వచ్చేసరికి ఆ ఫిల్టరు ఈ వంటింట్లోనే ఉంది. కింది వాటాలో ఉండే జనగామ ఆవిడ ఒకసారి నేను కాఫీ పెడుతుంటే పక్కనే నిలబడి, "చాయ్ అయితే ఐదు నిమిషాల్ల అయితది. మీ కాఫీకి గింత తతంగమేందక్కా?" అంది. నవ్వాను కానీ, అది మన కాఫీ సాహిత్యం మొత్తం మీద వెయ్యాల్సిన ప్రశ్న. తతంగం ఏమిటి? ఎందుకు? మన రాతలు తతంగాన్ని పూజిస్తాయి, వివరించవు.

వివరించే రాత ఎలా ఉంటుందో చూడాలని జేమ్స్ హాఫ్‌మన్ పుస్తకం చదివాను. 2007లో ప్రపంచ బరిస్టా ఛాంపియన్ అయిన ఇంగ్లీషాయన. 2022లో ఇంట్లో మంచి కాఫీ పెట్టుకోవడం గురించే ఒక పుస్తకం రాశాడు, హౌ టు మేక్ ది బెస్ట్ కాఫీ ఎట్ హోమ్ అని. నాచారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు ఆ గద్యం వెంటనే నచ్చింది. తూకం వెయ్యి, నీళ్ళు కూడా తూకమే వెయ్యి, ఒకసారి ఒక్కటే మార్చు, రుచి చూడు. డబ్బులు పెట్టదలిస్తే ముందు గింజలు విసిరే మిల్లు మీద పెట్టు. పవిత్రత లేదు, బడాయి లేదు. చదువరిని చిన్నబుచ్చడు. ఒక వస్తువుని ప్రేమించడమంటే దాని గుణాలు తెలుసుకోవడమే అన్న నమ్మకం ఆ వాక్యాల వెనక ఉంది. మన దండకాలకి లేనిది అదే.

అయినా ఆ పుస్తకం మా వంటింట్లో సగం దూరమే నడిచింది. ఆయన ఊహించుకున్న మనిషి తన కప్పు తాను పెట్టుకునే మనిషి. పొద్దున ఒక్కడూ కౌంటరు ముందు నిలబడి, నిదానంగా, తనకోసం. మా ఇంట్లో ఐదున్నరకి ఒక గ్లాసు, ఆరింటికి రెండు, ఏడుంబావుకి నేను బస్సుకి పరిగెత్తేముందు ఒకటి, ఎనిమిదింటికి ఇంకో రెండు. అన్నీ ఒక్కసారి దిగిన డికాషన్‌లోంచే రావాలి. మన ఫిల్టరు పుట్టిందే అందుకు. ఒకసారి చిక్కగా దింపి పెట్టుకో, ఎవరు లేచినప్పుడు వాళ్ళకి పాలతో కలిపియ్యి. అది ఉమ్మడి కుటుంబపు యంత్రం. పాలు కాఫీ పొడి కంటే ముఖ్యమైన చోట, నల్లకాఫీ రుచుల గురించి రాసిన పుస్తకం ఎంత మంచిదైనా, ఆ కొలతలు మనకి అక్కరకి రావు. మన లెక్క మనమే వేసుకోవాలి.

వేసుకున్నాను. దండకర్తలు క్షమిస్తే ఇక్కడే రాసేస్తాను.

మా ఫిల్టరు చిన్నది. పై గిన్నెలో 30 గ్రాముల పొడి. గరిటెలూ చెంచాలూ నమ్మకండి; ఒక్కో ఇంట్లో ఒక్కో చెంచా. పొడిని పై గిన్నెలో పోసి, గిన్నెని అరచేత్తో తట్టి సమంగా పరచాలి. తర్వాత ఆ గొడుగులాంటి బిళ్ళ పెట్టి, కాస్త ఆనేటట్టు నొక్కాలి. బలం చూపించకూడదు. నీళ్ళు పొడి మధ్యలో గుంట తవ్వకుండా చూడటమే ఆ బిళ్ళ పని. చాలామంది దాన్ని పొడి మీద కోపం తీర్చుకోవడానికి వాడతారు. అప్పుడు డికాషన్ దిగదు, ఫిల్టరు నెత్తిన గరిటెతో కొడుతూ కూర్చోవాలి.

నీళ్ళు. మరిగే నీళ్ళు పోస్తే కాఫీ మాడిపోతుంది, కాబట్టి కాసేపు చల్లార్చమని ఇప్పుడు వీడియోల్లో అందరూ చెబుతున్నారు. మాడటం అనేది గింజ వేయించేటప్పుడు జరగాల్సిన ప్రమాదం, నీళ్ళతో జరిగేది కాదు. పైగా మన హైదరాబాదు సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకి పైన ఉంది. ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, 98 దగ్గరే మరుగుతాయి. గిన్నెలోంచి చల్లటి స్టీలు ఫిల్టర్లోకి పడేసరికి ఇంకో నాలుగైదు డిగ్రీలు పోతాయి. ప్రపంచ కాఫీ సంఘాలు కోరుకునే 90 నుంచి 96 డిగ్రీల మధ్యకి అవే వచ్చి కూర్చుంటాయి. మరిగే నీళ్ళు ధైర్యంగా పొయ్యండి.

అసలు ఇబ్బంది వేడిమిలో లేదు, ఏ నీళ్ళు అన్నదాంట్లో ఉంది. మా వైపు బోరు నీళ్ళు గట్టివి. గిన్నెల అడుగున తెల్లటి పొక్కు కడతాయి. ఆ ఉప్పులు కాఫీలో ఉన్న కాస్త పులుపునీ చంపేస్తాయి, రుచి సుద్దముక్కలా అయిపోతుంది. అలాగని ఫిల్టర్ ప్లాంటు క్యాను తెచ్చి పోస్తే, లవణాలన్నీ తీసేసిన ఆ నీళ్ళల్లో డికాషన్ పల్చగా, పుల్లగా తేలుతుంది. నల్లా నీళ్ళు వచ్చిన రోజు వాటితో పెట్టిన కాఫీకీ, రాని రోజు కాఫీకీ తేడా మా ఇంట్లో కళ్ళు మూసుకుని చెప్పగలరు. నల్లా నీళ్ళు కాచి పట్టిపెట్టుకోవడం ఉత్తమం; అవి లేనప్పుడు మూడొంతుల క్యాను నీళ్ళకి ఒక వంతు బోరు నీళ్ళు. ఈ ఊళ్ళో పెరిగిన కాఫీ మీద ఎవరైనా కవిత్వం రాస్తే మొదటి పాదంలో నల్లా రావాలి.

చికోరీ మీద మనవాళ్ళకి ఉన్నంత అపరాధభావం మరి దేని మీదా లేదు. "మేం ప్యూరే తాగుతామండీ" అనడం ఒక హోదా. చికోరీ అంటే కాసనీ అనే మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లో బాగా పండిస్తారు. వేయించి పొడి కొడితే కాఫీ రంగు వస్తుంది, కెఫీన్ ఉండదు. అది కల్తీగా వచ్చి మర్యాదస్తురాలైంది. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో పాకెట్టు మీద వెయ్యాలి. అది అక్కడ ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు. కాఫీ గింజలో నీటికి కరిగేది మూడోవంతుకి లోపే. వేయించిన చికోరీలో అంతకి రెట్టింపు పైనే కరుగుతుంది. అందుకే చికోరీ ఉన్న డికాషన్ చిక్కగా, జిగురుగా, నల్లగా ఉంటుంది, చవగ్గానూ వస్తుంది. ఇంకో పని కూడా చేస్తుంది. తడిసి ఉబ్బి ఫిల్టరు కన్నాల మీద నీళ్ళని నిలబెడుతుంది, దాంతో నీళ్ళకి పొడితో గడిపే సమయం దొరుకుతుంది. చికోరీ లేని పొడిని అదే ఫిల్టర్లో వేస్తే నాలుగైదు నిమిషాల్లో జారిపోయి, పాలల్లో కలిపితే ఆనవాలు లేకుండా పోతుంది. ప్యూర్ అని గొప్పకి కొని, "వాసనే గానీ రుచి లేదు" అని పెదవి విరిచేవాళ్ళ కష్టం ఇదే. పొడి ఇంకాస్త మెత్తగా ఆడించుకోవాలి, ఇంకో అయిదారు గ్రాములు ఎక్కువ వేసుకోవాలి. లేదా నాలాగా 85కి 15 దగ్గర రాజీ పడాలి. నాకు అది రాజీ అనిపించదు, రుచే అనిపిస్తుంది.

చికోరీ మీద ఈ దిగులు వట్టి రుచికి సంబంధించింది కాదని ఎ.ఆర్. వేంకటాచలపతి 2006 నాటి ఇన్ దోజ్ డేస్ దేర్ వాజ్ నో కాఫీ పుస్తకంలో చూపించారు. తమిళ మధ్యతరగతి తనని తాను కాఫీలో ఎలా చూసుకుందో, కల్తీ భయం వెనక ఏముందో, కాఫీ హోటళ్ళలో ఎవరు ఎక్కడ కూచోవాలన్న గొడవలు ఎలా నడిచాయో ఆ వ్యాసం చదివితే కాఫీ గ్లాసు వేరేగా కనబడటం మొదలుపెడుతుంది. మన ఊళ్ళలోనూ కాఫీ హోటలు బోర్డు మీద పేరుకి ముందు కులం ఉండేది. ఆ బోర్డుని గుర్తు చేసుకునే మన వ్యాసాలు ఇడ్లీ మెత్తదనం దగ్గరికొచ్చి ఆగిపోతాయి. లోపలికి రానివ్వని మనిషి ఆ వాసన పీల్చి ఏమనుకున్నాడో, అది కూడా కాఫీ సాహిత్యమే కదా. తెలుగు కాఫీకి అలాంటి చరిత్ర ఒకటి పుస్తకం పొడుగునా చదవాలని నా ఆశ.

ఇప్పుడు కొత్తగా ఇంకో రకం రాత వచ్చింది, అరకు రాత. పాకెట్ల వెనకా, కరపత్రాల్లోనూ, విమానాల పత్రికల్లోనూ కనిపిస్తుంది. పొగమంచు, కొండలు, బుట్ట పట్టుకుని నవ్వే గిరిజన మహిళ, ఆ పైన బెల్లం, నారింజ తొక్క, చాక్లెట్ రుచులంటూ ఒక జాబితా. దండకంలో దేవత ఉంటే ఇక్కడ ప్రకృతి ఉంది. చేతులు ఇక్కడ కనబడతాయి, నిజమే, ఫొటోలో. అంతకుమించి వాళ్ళ గురించి మనకేం తెలుస్తుంది?

తెలుసుకోదగ్గది చాలానే ఉంది. తూర్పు గోదావరి కొండల్లో పాములేరు లోయలో 1898 ప్రాంతంలో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి కాఫీ నాటించాడంటారు. అక్కణ్ణుంచి అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. తర్వాత అటవీశాఖ, కాఫీ బోర్డు, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, ఐటీడీఏ, ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేశారు. పోడు నరుక్కుని బతికే కుటుంబాలకి నిలకడైన పంట చూపించడం ఉద్దేశం. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకించిన మిరియాల తీగ, కింద అరబికా మొక్క. 2017లో అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశం మొత్తం మీద పండే కాఫీలో ఇంచుమించు 70 శాతం రోబస్టా అయితే, ఈ కొండల్ది దాదాపు అంతా అరబికా. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడ్డవి ఎర్రబడ్డట్టు ఏరాలి. ఒకే కొమ్మ మీద పచ్చివీ పండువీ కలిసే ఉంటాయి కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోవాలి. పచ్చికాయ ఒక గుప్పెడు కలిసినా కప్పులో వగరు తెలుస్తుంది. మంచి కాఫీలో అసలు నైపుణ్యం అక్కడుంది, నా ఫిల్టర్లో కాదు. నేను చేసేదల్లా ఆ చెయ్యి చేసిన పనిని పాడుచెయ్యకుండా ఉండటం.

అయితే రుచి విషయంలో నా అభిప్రాయం నాకుంది. పారిస్ కోసం లేతగా వేయించిన అరకు గింజని తెచ్చి మన ఫిల్టర్లో దింపి సగానికి పైగా వెన్నపాలు పోస్తే, పాకెట్టు మీద రాసిన నారింజ తొక్క ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు. అది గింజ తప్పూ కాదు, పాల తప్పూ కాదు. ఒకటి సంగీత కచేరీకి రాసుకున్న పాట, ఇంకోటి పెళ్ళి మేళం. పాలకాఫీకి అరకు గింజ కావాలంటే నడి వేపు దాటి కాస్త ముదురు వేపు తెచ్చుకోండి. లేతవేపుది ఉంటే ఒక్కరోజు పాలు మానేసి తాగండి.

పాలంటే గుర్తొచ్చింది. మాకు లాలాపేట దగ్గరే కాబట్టి విజయ పాకెట్టు దూరం రాదు. 6 శాతం వెన్న ఉన్నది తీసుకోండి, 3 శాతం టోన్డ్ పాలకి డికాషన్ చేదుని మోసే బలం లేదు. ఒక్కసారే కాగనివ్వాలి. పొయ్యి మీద మళ్ళీ మళ్ళీ పొంగించిన పాలకి ఒక ఉడుకు వాసన వస్తుంది, ఎంత మంచి పొడి వేసినా అదే పైకొస్తుంది. డికాషన్‌ని మాత్రం ఎప్పుడూ మంట మీద పెట్టకూడదు.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాటొకటుంది: సెకండ్ డికాషన్.

మొదటి విడత దిగిపోయాక ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోసి దింపేది అది. పల్చగా ఉంటుంది, చేదు ముందుకొస్తుంది. కాఫీ తాగే ప్రతి తెలుగింట్లోనూ అది ఉంది. నేను చదివిన దండకాల్లో గానీ, వ్యాసాల్లో గానీ అది లేదు. ఎందుకు లేదంటే, అది రాసేవాడి గ్లాసులోకి రాదు. మా ఇంటి లెక్క చెబుతాను, మీ ఇంటి లెక్క మీకు తెలుసు. ఫస్ట్ డికాషన్ మామగారికి, మావారికి, వచ్చిన చుట్టాలకి. సెకండ్ డికాషన్‌లో మిగిలిన పాలు పోసి అత్తగారు, నేను. ఆ తర్వాత నీళ్ళు పోస్తే దిగే గోధుమరంగు నీళ్ళల్లో చక్కెర దండిగా వేసి పనిచేసే ఆవిడకి, కిటికీ మీద బోర్లించిన వేరే గ్లాసులో. మా అత్తగారు యాభై ఏళ్ళు కాఫీ పెట్టారు. ఆవిడ చేతి కాఫీ గురించి బంధువుల్లో కథలుగా చెప్పుకుంటారు. ఆ కాఫీ ఆవిడ తాగలేదు. పండక్కి ఎవరైనా బలవంతం చేస్తే ఒక గుక్క తాగి "బానే ఉందే" అనేవారు, ఎవరో పెట్టినదాని గురించి అన్నట్టు.

మన కాఫీ సాహిత్యం మొత్తం ఫస్ట్ డికాషన్ సాహిత్యం. అమ్మ చేతి కాఫీ అని కళ్ళనీళ్ళు పెట్టుకునే వ్యాసం చదివినప్పుడల్లా నాకొచ్చే అనుమానం ఒకటే: ఆ అమ్మ ఏది తాగేది? ఆ ప్రశ్న వేసుకున్న వ్యాసం ఒక్కటి నా కంటబడితే మిగిలిన పదింటినీ క్షమించేస్తాను. గాజుల చప్పుడు వినబడిన చెవికి అది కూడా వినబడాలి కదా.

విచిత్రమేమిటంటే ల్యాబ్ లెక్కలో ఈ తేడా అసలు నిలబడదు. 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్లు పోస్తే, పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు పట్టేసుకుని 90 దాకా వదుల్తుంది. అంత కొంచెం నీళ్ళు ఆ పొడిలో కరగాల్సింది మొత్తం తీసుకురాలేవు. పొడికి పదహారు రెట్లు నీళ్ళు వాడే పడమటి పద్ధతుల్లో ఒక్క విడతలో అయ్యే పని, అయిదారు రెట్లు వాడే మన ఫిల్టర్లో అవదు. అంటే ఫస్ట్ డికాషన్ గొప్పగా చిక్కగా ఉంటుంది గానీ అసంపూర్తిగా ఉంటుంది. దాని తీపి కొంత, దాని ఒళ్ళు కొంత రెండో నీళ్ళ కోసం పొడిలోనే ఉండిపోతాయి. రెండు విడతలూ ఒకే గిన్నెలోకి దింపి కలిపితే కాఫీ బావుంటుంది. వరస ప్రకారం పంచుకోవడం కోసం మనం ఇన్నాళ్ళూ రెండు గ్లాసుల్నీ పాడుచేసుకున్నాం.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. 150 పోసి, మూతపెట్టి పదిహేను నిమిషాలు. దిగాక బిళ్ళ తియ్యకుండానే ఇంకో 70, మరిగేవే, బిళ్ళ మీదుగా నెమ్మదిగా. ఇంకో పది నిమిషాలు. మొత్తం 160 దాకా వస్తుంది. కింద దిగినది అడుగున చిక్కగా, పైన పల్చగా పేరుకుని ఉంటుంది కాబట్టి చెంచాతో కలిపి తీరాలి. నలుగురికి నలభై చొప్పున, తొంభై పాలు. పనికొచ్చే ఆవిడ చాయే అడుగుతుంది, అది వేరే సంగతి; కాఫీ అడిగిన రోజు అదే డికాషన్, అవే గ్లాసులు. మామగారికి మొదట్లో నచ్చలేదు. "చిక్కదనం తగ్గిందమ్మా" అన్నారు. పొడి రెండు గ్రాములు పెంచాను, ఇంకేమీ అనలేదు. అత్తగారు మాత్రం రెండు రోజులు తాగి, మూడో రోజు, "ఇదేంటే, ఇలా ఉంటుందా!" అన్నారు.

పాకెట్టు మీద 60కి 40 అని రాసున్న పొడి వాడేవాళ్ళు 30 గ్రాములకి బదులు 25 వేసుకోండి. చికోరీ ఎక్కువున్న చోట రెండో నీళ్ళు 40కి మించి పొయ్యకండి, జిగురు దిగుతుంది. ఫిల్టరు కన్నాలు మూసుకుపోతే పిన్నీసుతో పొడవకండి, కన్నాలు పెద్దవై పొడి కిందకి రాలుతుంది. చింతపండు నీళ్ళల్లో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే స్టౌ మంట మీద అడుగుభాగం ఒక్క నిమిషం తిప్పితే చాలు.